తాగినవాడితో పోలీసు మాట

ధవళేశ్వరం: రాత్రి పది దాటాక కాటన్ బ్యారేజీ దారిలో తనిఖీకి నిలబడే కానిస్టేబులుకు తాగినవాడు ఎదురుకాని రోజు అరుదు. అతను లంకలో పని ముగించుకుని వచ్చే కూలీ కావచ్చు. పెళ్లి భోజనం చేసి కోనసీమకు తిరిగిపోయే మోతుబరి కావచ్చు. సంక్రాంతికి పట్నం నుంచి ఊరొచ్చిన కుర్రవాడు కావచ్చు. బండి ఆపగానే పోలీసు నోట వచ్చే మొదటి మాట 'ఏరా' అయితే ఆ రాత్రి ఒక దారిన పోతుంది. 'ఏమయ్యా, బండి పక్కన పెట్టు' అయితే ఇంకో దారిన పోతుంది. ఈ రెండు దారులకూ మధ్య ఒక్కొక్కసారి నిండు ప్రాణమంత తేడా ఉంటుంది.

ఇది అతిశయోక్తి అనుకునేవారు 2020 మే నెలను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

విశాఖ రోడ్డు మీద

నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తుమందు వైద్యుడిగా పనిచేసిన డాక్టర్ సుధాకర్ ఆ ఏడాది ఏప్రిల్‌లో కరోనా మాస్కులు చాలడం లేదని పైకి చెప్పి సస్పెండ్ అయ్యారు. మే 16న విశాఖపట్నం జాతీయ రహదారి మీద ఆయనకూ పోలీసులకూ గొడవ జరిగింది. ఆయన తాగి ఉన్నాడనీ, అల్లరి చేస్తున్నాడనీ, దుర్భాషలాడాడనీ పోలీసులు చెప్పారు. జనం చూసింది మాత్రం చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాళ్లతో కట్టబడి, నడిరోడ్డున పడి ఉన్న ఒక డాక్టరును. ఆయనను కొట్టిన కానిస్టేబులును అధికారులు సస్పెండ్ చేశారు. డాక్టరును మొదట కింగ్ జార్జి ఆసుపత్రికీ, అక్కడి నుంచి మానసిక వైద్యశాలకూ తరలించారు. రాష్ట్ర హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానుగా చేపట్టి, మే 22న సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, ఆయన గుండెపోటుతో కన్నుమూశారు.

ఆయన తాగారా, లేదా అన్నది ఒక ప్రశ్న. తాగారనే అనుకున్నా, తాగినవాడిని అలా కట్టి పడవేయవచ్చునా అన్నది రెండో ప్రశ్న. గ్రామాల్లో చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. పోలీసులకూ ప్రజలకూ అసలు కావలసింది రెండో ప్రశ్నకు జవాబు.

ఆ సంఘటన జరిగిన తొమ్మిది రోజులకు, మే 25న, అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు బోర్లా పడుకోబెట్టి, చేతులు వెనక్కి బేడీలు వేశారు. ఒక అధికారి తొమ్మిది నిమిషాలకు పైగా మెడ మీద మోకాలు ఆనించి అదిమాడు. ఊపిరాడడం లేదని అతను మొరపెట్టుకున్నా వినలేదు. అతను చనిపోయాడు. ఒంట్లో మాదకద్రవ్యాలున్నాయి కాబట్టి చనిపోయాడని ఆ అధికారి తరఫున వాదించారు. జ్యూరీ ఆ వాదన నమ్మలేదు. 2021 ఏప్రిల్‌లో హత్యానేరం రుజువైందని తీర్పు చెప్పింది. విశాఖలోనైనా, మినియాపొలిస్‌లోనైనా ఎదుటివాడు మత్తులో ఉన్నాడన్న తలంపు రాగానే అతని మాట వినవలసిన పని లేదనుకోవడం దగ్గరే తప్పు మొదలైంది.

తాగాడని తేల్చేదెవరు?

తూలుతున్నాడు, మాట తడబడుతోంది, పిలిస్తే సరిగా పలకడం లేదు. ఇవి చూసి తాగాడని ఎవరైనా అంటారు. కాని డెల్టా పల్లెల్లో ఇవే గుర్తులు వేరే కారణాలతోనూ కనబడతాయి.

చక్కెర జబ్బు మనిషి మందు వేసుకుని సమయానికి తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి, చిరాకు పడతాడు, తిక్కగా మాట్లాడతాడు, తూలిపోతాడు. మూర్ఛ వచ్చి తగ్గినవాడు కాసేపు ఎక్కడున్నాడో తెలియని స్థితిలో ఉంటాడు. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాడికి పైకి నెత్తురు కనబడకపోయినా లోపల రక్తం గడ్డ కట్టవచ్చు. పక్షవాతం మొదలైనవాడి మూతి వంకర పోతుంది, మాట ముద్దగా వస్తుంది. మే నెల ఎండలో వడదెబ్బ తిన్నవాడు సంధి మాటలు మాట్లాడతాడు.

ఇక పాము సంగతి. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. చాలాసార్లు కాటు నొప్పే తెలియదు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయి, నాలుక మందమవుతుంది, మాట ముద్దవుతుంది. చూసినవాడు 'బాగా పట్టించాడు' అనుకుని వదిలేస్తే తెల్లవారేసరికి ఊపిరి ఆగిపోవచ్చు. చేలో పురుగుమందు కొట్టి వచ్చినవాడికి మందు ఒంటికి పట్టినా ఇంతే. చొంగ కారుతుంది, చెమట పోస్తుంది, కంటిపాప చిన్నదైపోతుంది, మనిషి తూలుతాడు.

మరో చిక్కు కూడా ఉంది. సారాయి వాసన రాగానే వేరే కారణం లేదని తేల్చుకోకూడదు. తాగినవాడే పడి తల పగలగొట్టుకుంటాడు. తాగినవాడినే పాము కరుస్తుంది. వాసన ఉన్నంత మాత్రాన దెబ్బ లేదని కాదు.

అందుచేత పోలీసు అడగవలసిన మొదటి ప్రశ్న 'ఎంత తాగావురా?' కాదు. 'ఎక్కడైనా దెబ్బ తగిలిందా? చక్కెర జబ్బు ఉందా? ఏమైనా కరిచిందా?' అని అడగాలి. అతను చెప్పలేకపోతే పక్కనున్నవారిని అడగాలి. ఎంత తట్టినా లేవని మనిషి పోలీసు జీపు ఎక్కవలసినవాడు కాదు, 108 ఎక్కవలసినవాడు. ఆ బండి వచ్చేలోగా అతన్ని పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోర్లా వేసి అదిమితే ఊపిరి ఆడదు. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, నెత్తిన చన్నీళ్లు మత్తు దించవు. మత్తు దిగడానికి కాలం ఒక్కటే మందు. పొట్టలో మిగిలిన సారా ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది గనుక, నిద్రపోయాడు కదా అని వదిలేయకూడదు. కొంతసేపటికొకసారి పిలిచి చూడాలి.

మాట ఎలా చేరుతుంది?

తాగినవాడి బుర్రకు ఒకేసారి నాలుగు విషయాలు పట్టవు. ఎదుట ఏది పెద్దగా కనబడితే అదొక్కటే పట్టుకుంటాడు. లాఠీ కనబడితే లాఠీయే. తిట్టు వినబడితే తిట్టే. ఆ తరువాత పోలీసు ఎంత మంచి మాట చెప్పినా అది చెవికెక్కదు. రేపటి కేసు, పోయే ఉద్యోగం, ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలు ఏవీ ఆ క్షణాన అతనికి గుర్తు రావు. అందుకే 'జైల్లో తోయిస్తా' అనే బెదిరింపు తెలివిలో ఉన్నవాడికి పనిచేసినట్టు తాగినవాడికి పనిచేయదు.

గోదావరి జిల్లాలవారు కుక్కను అదిలించేటప్పుడు కూడా 'అండి' చేరుస్తారని బయటివారు నవ్వుతారు. అటువంటి సీమలో పుట్టి పెరిగినవాడిని, అందులోనూ నలుగురి ముందు, పెళ్లాం బిడ్డల ముందు 'ఏరా, ఒరేయ్' అంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తెలివిలో ఉంటే మింగుకునే అవమానాన్ని తాగినవాడు మింగుకోలేడు. పోలీసు చొక్కా పట్టుకుంటాడు. అప్పటిదాకా అల్లరిగా ఉన్నది నేరమైపోతుంది. ఆ నేరానికి సగం విత్తనం ఆ 'ఒరేయ్'లోనే ఉంది.

నేర్పున్న పాత హెడ్డు కానిస్టేబుళ్లను చూసినవారికి ఈ విద్య తెలుసు. వారు అయిదారుగురు కలిసి అరవరు, ఒక్కరే మాట్లాడతారు. మిగిలినవారు నోరు మెదపకుండా రెండడుగులు వెనక నిలబడతారు. చేయి చాపితే అందనంత దూరం ఉంచుకుంటారు. పేరు అడుగుతారు, ఆ పేరుతోనే పిలుస్తారు. 'సుబ్బారావ్, తాళం ఇలా ఇయ్యి. కూచో. మంచినీళ్లు తాగు.' ఒక్కొక్క మాటకూ మధ్య ఊపిరి తీసుకునేంత సందు ఇస్తారు. వినకపోతే అదే మాటను అదే గొంతుతో మళ్లీ చెబుతారు. గొంతు పెంచరు. తాగినవాడు చేసే వాదంలోకి దిగరు. 'నేనెవరో తెలుసా?' అని వాడంటే 'తెలుసు, రేపు మాట్లాడుకుందాం' అంటారు. చుట్టూ మూగినవారిని ముందు పంపేస్తారు. జనం చూస్తున్నంతసేపూ తాగినవాడు వెనక్కి తగ్గలేడని వారికి తెలుసు.

ఈ విద్య అందరికీ పుట్టుకతో రాదు, నేర్పవచ్చు. అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1987లో మతిస్థిమితం లేని ఒక వ్యక్తిని పోలీసులు కాల్చి చంపారు. మరుసటి ఏడు అక్కడి పోలీసు శాఖ డాక్టర్లతోనూ రోగుల కుటుంబాలతోనూ కలిసి ఒక శిక్షణ ప్రారంభించింది. మతి చెడినవారితోనూ మత్తులో ఉన్నవారితోనూ ఎలా మాట్లాడాలో పోలీసులకు 40 గంటల పాటు నేర్పుతారు. ఆ పద్ధతి తరువాత అనేక నగరాలకు పాకింది. లాఠీ పట్టడానికీ తుపాకి పేల్చడానికీ నెలల తరబడి శిక్షణ ఇచ్చే శాఖకు, మాట పలకడానికి 40 గంటలు కేటాయించడం కష్టం కాకూడదు.

చట్టం ఏమంటోంది?

బండి నడిపినవాడి సంగతిలో మెతకదనం పనికిరాదు. 2015 జూన్ 13న ఇదే బ్యారేజీ మీద నుంచి యాత్రికుల వాహనం కిందపడి 22 మంది చనిపోయారు. ఈ కట్ట మీద డ్రైవరు ఒక్క క్షణం ఏమరితే ఏమవుతుందో చుట్టుపక్కల ఊళ్లవారికి చెప్పనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. మొదటిసారి 6 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. తాళం తీసుకోవడంలో పోలీసు గట్టిగానే ఉండాలి. గట్టిగా ఉండడానికి తిట్టనక్కర్లేదు. అదే చట్టంలోని 202వ సెక్షను ప్రకారం, తాగి నడిపినందుకు అరెస్టు చేసినవాడిని రెండు గంటల్లోగా డాక్టరు చేత పరీక్ష చేయించాలి. లేకపోతే వదిలేయాలి. ఈ సంగతి ఎంతమంది గ్రామస్తులకు తెలుసు?

ఇక రోడ్డు మీద తాగి అల్లరి చేసినవాడి విషయం. 1860 నాటి శిక్షాస్మృతిలో 510వ సెక్షను కింద దీనికి 24 గంటల సాధారణ జైలు గాని, 10 రూపాయల జరిమానా గాని శిక్షగా ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 355వ సెక్షను అయింది. జరిమానా వెయ్యి రూపాయల వరకు పెరిగింది. సమాజ సేవ చేయించవచ్చునని కూడా చేర్చారు. జైలు మాత్రం ఇప్పటికీ 24 గంటలు దాటకూడదు. కోర్టు కూడా ఒక్క రోజుకు మించి జైలు వేయలేని తప్పుకు, స్టేషనులో ఒక్క రాత్రిలో కాళ్లు విరిగే శిక్ష వేయడానికి ఎవరికీ అధికారం లేదు.

అరెస్టయినవాడి సంగతి అతని బంధువుకు తెలియజేయాలనీ, ఒంటి మీది గాయాలు రాయాలనీ, కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి డాక్టరు చూడాలనీ సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో చెప్పింది. ప్రతి స్టేషనులోనూ సి.సి. కెమెరాలుండాలని 2020 డిసెంబరులో ఆదేశించింది. ఈ నిబంధనలు మత్తులో ఉన్నవాడికి మరింత అవసరం. తనకు ఏం జరిగిందో రేపు అతనికి గుర్తుండదు. అతని తరఫున సాక్ష్యం చెప్పేవి కాగితమూ కెమెరాయే.

రైతులకు బాగా తెలిసిన న్యాయం ఇంకొకటి ఉంది. షరతులు అర్థం చేసుకోలేనంతగా తాగి ఉన్నవాడు ఆ మత్తులో ఉండగా ఒప్పందం చేసుకోలేడని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను చెబుతోంది. అంటే తాగించి అరెకరం రాయించుకుంటే అది చెల్లదు. రాత్రి మత్తులో పెట్టిన సంతకం అరెకరం పొలానికే చెల్లనప్పుడు, స్టేషనులో తెల్ల కాగితం మీద పెట్టించుకున్న సంతకానికి విలువేముంటుంది? హక్కులు చెప్పడం, నోటీసు ఇవ్వడం, వాంగ్మూలం తీసుకోవడం వంటివన్నీ మత్తు దిగాక మళ్లీ ఒకసారి జరగాలి. రాత్రి చెప్పాం కదా అంటే కుదరదు. రాత్రి విన్నది ఆ మనిషి కాదు, సారా.

పోలీసు పాట్లు

ఇదంతా చదివి పోలీసులు నొచ్చుకోవడంలో అర్థముంది. పగలంతా బందోబస్తు చేసి, రాత్రి కాపలాకు నిలబడ్డ కానిస్టేబులు మీద తాగినవాడు ఉమ్ముతాడు, అమ్మ ఆలి బూతులు తిడతాడు, ఒక్కొక్కసారి చేయి చేసుకుంటాడు. మద్యం అమ్ముకునేది ఒకరు, తాగేది ఒకరు, బూతులు తినేది పోలీసు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా మద్యం విధానం మారింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేపిన ఉద్యమంతో 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో అదీ పోయింది. 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువారికి పోయాయి. విధానం ఏదైనా రాత్రి పదకొండుకు రోడ్డు మీద తూలేవాడిని పట్టుకోవలసింది ఆ కానిస్టేబులే.

దూబగుంట పేరు వచ్చింది గనుక ఆడవారి మాట కూడా చెప్పుకోవాలి. తాగి వచ్చి కొట్టే మొగుడితో వేగలేక పోలీసులకు ఫోను చేసిన ఇల్లాలికి ఈ మర్యాదల పాఠం కడుపు మండించవచ్చు. ఆమెకు ముందు కావలసింది రక్షణ. పోలీసు రాగానే ఇద్దరినీ విడదీయాలి. ఆమె చెప్పేది అతనికి వినబడని చోట వినాలి. ఆ రాత్రి అతను ఆ ఇంట్లో ఉండకుండా చూడాలి. ఆమె ఎదుటే అతన్ని బూతులు తిట్టి, రెండు తగిలించి, మళ్లీ ఆ ఇంట్లోనే వదిలి వెళితే ఆ రెండింటికి నాలుగు దెబ్బలు ఆమెకే పడతాయి. నెమ్మదిగా మాట్లాడడమంటే అతని పక్షాన నిలవడం కాదు.

లాకప్‌లో రెండో రోజు

స్టేషనులకు తెలిసి తీరవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడికి హఠాత్తుగా మందు ఆగితే కొన్ని గంటల్లో చేతులు వణుకుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్లు రావచ్చు. రెండో మూడో రోజుకు లేనివి కనబడి, భయపడి, గోడలు పట్టుకు కేకలు వేయవచ్చు. 2020లో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటివారు వరసకట్టిన సంగతి పత్రికల్లో వచ్చింది. లాకప్‌లో ఉన్నవాడు రెండో రోజు ఇలా చేస్తే 'నాటకాలాడుతున్నాడు' అని కొట్టడం ప్రాణాంతకం. అది వైద్యం చేయవలసిన జబ్బు.

తెల్లవారి మాట

రాత్రి హితబోధ దండగ. తెల్లవారాక చెప్పే మాటకే విలువ. మత్తు దిగి, తల పట్టుకుని, సిగ్గుపడుతూ కూర్చున్న మనిషికి నాలుగు మంచి మాటలు చెబితే అవి నాటుకుంటాయి. డాక్టరో నర్సో పది నిమిషాలు నెమ్మదిగా మాట్లాడితే కొందరు తాగుడు తగ్గిస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. వదిలి పంపేటప్పుడు యస్.ఐ. ఒక్క అయిదు నిమిషాలు కేటాయించి, అతని భార్యనో తల్లినో పిలిపించి, తాగుడు మాన్పించే సలహాకు 14446 నంబరుకు ఫోను చేయవచ్చునని ఒక చీటీ రాసి ఇవ్వాలి. దానికి ఖజానా నుంచి రూపాయి ఖర్చు లేదు.

గ్రామస్తులకూ ఇందులో వంతు ఉంది. తాగినవాడి చుట్టూ మూగి నవ్వడం, రెచ్చగొట్టడం, ఫోనులో బొమ్మలు తీసి ఊరంతా పంపడం ఆటగా మారింది. ఆ బొమ్మ రేపు అతని కూతురు చూస్తుంది. పోలీసు కొడుతున్నప్పుడు తీసిన బొమ్మ న్యాయానికి పనికొస్తుంది. మనిషి పడిపోయినప్పుడు తీసిన బొమ్మ ఎవరికీ పనికిరాదు. తీసే చేతితో 108కి ఫోను చేస్తే మేలు. ఊళ్లో ఎవరి మాట అతను వింటాడో తెలిసినవారు ఆ పెద్దను పిలుచుకు రావాలి. మేనమామ 'ఇంటికి పదరా' అంటే కదిలేవాడు, పదిమంది పోలీసులు లాగినా కదలడు.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ధవళేశ్వరం రేవులకూ రాజమహేంద్రవరం ఘాట్లకూ లక్షల మంది వస్తారు. పొరుగు జిల్లాల నుంచి వేల మంది పోలీసులు బందోబస్తుకు దిగుతారు. ఏ ఘాటులో ఎవరు నిలబడాలో, తాళ్లు ఎక్కడ కట్టాలో నేర్పేటప్పుడు, తాగినవాడితో ఎలా మాట్లాడాలో ఒక పూట నేర్పితే మంచిది. రాజమహేంద్రవరం ప్రభుత్వాసుపత్రి డాక్టరు ఒకరు, అనుభవమున్న హెడ్డు కానిస్టేబులు ఒకరు కలిసి ఆ పాఠం చెప్పగలరు. దీనికి జిల్లా పోలీసు అధికారి ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు.

175 గేట్లున్న ఆ బ్యారేజీ మీద పనిచేసేవారికి ఒక సంగతి తెలుసు. వరద వచ్చినప్పుడు గేట్లు బిగించి నిలబెడితే కట్ట నిలవదు. ఎంత నీరు ఎప్పుడు వదలాలో చూసుకుంటూ, వరద తగ్గేదాకా కాచుకుంటారు. తాగినవాడి ఉద్రేకమూ అంతే. అది తెల్లవారేసరికి దానంతటదే దిగుతుంది. అప్పటిదాకా అతనికీ, ఎదుటివారికీ దెబ్బ తగలకుండా చూడడమే పోలీసు పని.